ఇన్‌లైన్ అయిందని ఎవరు చెప్పారు?

కోడ్ రివ్యూల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: "ఈ ఫంక్షన్ చిన్నదే కదండీ, కంపైలరు ఎలాగూ ఇన్‌లైన్ చేసేస్తుంది." అన్నవారు ధీమాగా అంటారు, విన్నవారు తలూపుతారు, రివ్యూ అయిపోతుంది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ గదిలో ఎవరూ చూసి చెప్పలేదు. చూడటం కష్టమా అంటే అదీ కాదు, టీ చల్లారేలోపు అయ్యే పని. ఊహకీ రుజువుకీ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్నప్పుడు కూడా ఊహ దగ్గరే ఆగిపోవడం మన వృత్తిలో బాగా పాతుకుపోయిన అలవాటు. దాన్ని మార్చుకోవడానికి ఇన్‌లైనింగ్ మంచి సాధన, ఎందుకంటే ఇక్కడ జవాబు ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది.

ఇన్‌లైన్ చేయడమంటే, ఒక ఫంక్షన్‌ని పిలిచిన చోట ఆ కాల్ తీసేసి లోపలి కోడ్‌ని అక్కడే పరిచేయడం. కాల్‌కి, రిటర్న్‌కి అయ్యే ఖర్చు తప్పుతుంది. అయితే అసలు లాభం ఆ తర్వాత మొదలవుతుంది. పిలిచిన చోట ఉన్న విలువలు లోపలి కోడ్‌కి తెలిసిపోతాయి కాబట్టి కంపైలరు కొన్ని లెక్కలు ముందే కట్టేస్తుంది, ఎన్నటికీ నిజం కాని షరతుల్ని కొట్టేస్తుంది, లూప్‌ని వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లుగా మారుస్తుంది. లూప్ మధ్యలో ఒక్క కాల్ మిగిలిపోయినా ఇవన్నీ ఆగిపోవచ్చు.

(ఆప్షన్ల పేర్లన్నీ ఇక్కడ పలికే తీరులో ఇచ్చాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.)

ముందు ప్రశ్న సరిచేసుకోండి

ఇన్‌లైన్ అనే కీవర్డ్ రాస్తే పని అయిపోయినట్టే అని చాలామంది నమ్మకం. ఆ కీవర్డ్ సీ++లో మొదటినుంచీ ఉంది, సీ భాషలోకి 1999 ప్రమాణంతో వచ్చింది. సీ++లో ఇవాళ దాని ముఖ్యమైన పని వేరు. హెడర్‌లో రాసిన నిర్వచనం పది ఫైళ్లలోకి వెళ్లినా లింకరు తప్పుపట్టకుండా చూడటం. కోడ్ పరిచే విషయంలో అది సిఫార్సు మాత్రమే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కంపైలరు అడగకపోయినా పెడుతుంది, అడిగినా ఒక్కోసారి పెట్టదు.

ఇంకో చిక్కు ప్రశ్నలోనే ఉంది. "ఈ ఫంక్షన్ ఇన్‌లైన్ అయిందా?" అని అడుగుతాం. ఫంక్షన్ ఒక్కటే, దాన్ని పిలిచే చోట్లు ఇరవై ఉండొచ్చు. కంపైలరు ఒక్కో చోటా విడిగా నిర్ణయిస్తుంది. లూప్ లోపలున్న కాల్‌ని పరిచేసి, ఎప్పుడో గానీ నడవని ఎర్రర్ దారిలో ఉన్న కాల్‌ని అలాగే ఉంచేయడం మామూలే. అందుకే ప్రశ్నలో మూడు ఖాళీలు పూరించండి: ఏ కాల్? ఏ ఆప్షన్లతో కట్టిన బిల్డ్? ఏ ఫైలు? ఈ మూడూ చెప్పకుండా "అయింది" అన్నా "కాలేదు" అన్నా ఆ జవాబుకి అర్థం లేదు.

రెండో ఖాళీ దగ్గరే చాలామంది దారి తప్పుతారు. డీబగ్ బిల్డ్ చూసి "కాలేదు" అంటారు. జీసీసీలో -ఓ0 స్థాయిలో, ఆల్వేస్ ఇన్‌లైన్ అని ప్రత్యేకంగా గుర్తు పెట్టినవి తప్ప ఏ ఫంక్షనూ ఇన్‌లైన్ కాదు. మీ వాడుకరుల దగ్గరికి వెళ్లే బిల్డ్ ఏ ఆప్షన్లతో కడుతున్నారో, సరిగ్గా వాటితోనే పరీక్షించండి.

మొదటి మెట్టు: అసెంబ్లీ చూడండి

ఒక చిన్న ఉదాహరణ పెట్టుకుందాం. స్క్వేర్ అనే ఫంక్షన్ ఒక పూర్ణాంకాన్ని తీసుకుని దాని వర్గం ఇస్తుంది. టోటల్ అనే ఫంక్షన్ ఒక అర్రే తీసుకుని, లూప్‌లో ఒక్కో అంకెకీ స్క్వేర్‌ని పిలిచి, అన్నీ కూడి ఇస్తుంది. రెండూ ఒకే సీ ఫైలులో ఉన్నాయి.

జీసీసీకి గానీ క్లాంగ్‌కి గానీ -ఓ2తో పాటు పెద్దక్షరం -ఎస్ ఇస్తే అసెంబ్లీ ఫైలు వస్తుంది. ఇప్పటికే కట్టిన ఫైలు చూడాలంటే ఆబ్జ్‌డంప్‌కి -డీ ఇవ్వండి. సీ++ అయితే పెద్దక్షరం -సీ కూడా కలపండి, మెలితిరిగిన పేర్లు మామూలు పేర్లుగా కనిపిస్తాయి. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా చూడాలంటే మాట్ గాడ్‌బోల్ట్ 2012లో మొదలుపెట్టిన కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. ఎడమవైపు కోడ్, కుడివైపు అసెంబ్లీ. ఏ లైనుకి ఏ ఇన్‌స్ట్రక్షన్లు పుట్టాయో రంగులతో కనిపిస్తుంది.

ఇప్పుడు వెతకాల్సింది స్క్వేర్ దగ్గర కాదు, టోటల్ లోపల. అక్కడ స్క్వేర్ పేరుతో కాల్ ఇన్‌స్ట్రక్షన్ ఉందా? ఎక్స్86లో అది "కాల్", ఆర్మ్64లో "బీఎల్". -ఓ0లో తప్పకుండా ఉంటుంది. -ఓ2లో అది మాయమై, దాని స్థానంలో గుణకారం నేరుగా లూప్‌లోకి వచ్చేస్తుంది. కాల్ లేకపోవడం, లోపలి పని అక్కడ కనిపించడం: ఈ రెండూ కలిస్తేనే రుజువు. ఒక్కటే సరిపోదు. ఎందుకో చూద్దాం.

కంటిని మోసగించే ఆరు సందర్భాలు

ఒకటి. స్క్వేర్ పేరు ఫైలులో ఇంకా ఉండటం. స్టాటిక్ అని రాయని ఫంక్షన్‌ని వేరే ఫైలు ఎవరైనా పిలవొచ్చు కాబట్టి, ఇక్కడి కాల్స్ అన్నీ పరిచేసినా కంపైలరు ఒక విడి ప్రతిని ఉంచుతుంది. ఫైలులోని పేర్ల జాబితా ఇచ్చే ఎన్‌ఎం ఆదేశంలో పేరు కనపడిందని "ఇన్‌లైన్ కాలేదు" అనేయకండి.

రెండు. కాల్ లేకపోయినా కాల్ ఉండటం. ఒక ఫంక్షన్ చివరి పని ఇంకో ఫంక్షన్‌ని పిలిచి దాని జవాబునే తిరిగివ్వడం అయితే, కంపైలరు కాల్‌కి బదులు జంప్ పెడుతుంది. ఎక్స్86లో "జంప్ స్క్వేర్" అని కనిపిస్తే అది టెయిల్ కాల్. ఇన్‌లైన్ కాలేదనే అర్థం.

మూడు. అసలు పనే లేకుండా పోవడం. స్క్వేర్‌కి 7 ఇస్తే అసెంబ్లీలో 49 మాత్రమే మిగులుతుంది, గుణకారం ఉండదు. జవాబుని ఎవరూ వాడకపోతే అదీ ఉండదు. అందుకే ప్రయోగంలో విలువలు బయటినుంచి ఆర్గ్యుమెంట్లుగా రావాలి, జవాబు బయటికి వెళ్లాలి. ప్రయోగాన్ని మెయిన్‌లో పెట్టకండి కూడా. మెయిన్ ఒక్కసారే నడుస్తుందని జీసీసీకి తెలుసు, దానికి తగ్గట్టే అక్కడ వేగం కంటే కోడ్ సైజు చూసుకుంటుంది. మెయిన్‌లో వచ్చిన జవాబు మీ అసలు లూప్‌కి వర్తించకపోవచ్చు.

నాలుగు. పేరు మారడం. జీసీసీ కట్టిన ఫైళ్లలో పేరు చివర "పార్ట్.0", "కాన్స్ట్‌ప్రాప్.0", "ఐస్రా.0" లాంటి తోకలు కనిపిస్తాయి. పార్ట్ అంటే ఫంక్షన్ రెండు ముక్కలైంది: మొదట్లో ఉన్న చిన్న తనిఖీ పిలిచిన చోటికి వచ్చింది, బరువైన మిగతా భాగం విడిగా ఉండిపోయింది. కాన్స్ట్‌ప్రాప్ అంటే ఒక స్థిరమైన విలువ కోసం ప్రత్యేక ప్రతి తయారైంది. అసలు పేరునే అచ్చంగా వెతికితే ఈ కాల్స్ మీ కంటపడవు.

అయిదు. లింక్ చేయని ఆబ్జెక్ట్ ఫైలు. అందులో వేరే ఫైలు ఫంక్షన్లకి వెళ్లే కాల్స్‌కి చిరునామా ఇంకా నింపి ఉండదు. ఆబ్జ్‌డంప్ దాన్ని ఆ పక్క ఇన్‌స్ట్రక్షన్‌కే కాల్ వెళ్తున్నట్టు చూపిస్తుంది. -డీతో పాటు -ఆర్ కలిపితే కింద అసలు పేరు వస్తుంది.

ఆరు. లింక్ సమయపు ఆప్టిమైజేషన్. -ఎఫ్‌ఎల్‌టీవోతో కడుతున్నట్లయితే, ఒక ఫైలులోని ఫంక్షన్ మరో ఫైలులోకి పరుచుకునేది లింక్ చేసేటప్పుడే. ఆబ్జెక్ట్ ఫైలు చూసి ఏమీ తేల్చలేరు. చివరి ఎగ్జిక్యూటబులే సాక్ష్యం.

రెండో మెట్టు: కంపైలర్నే అడగండి

అసెంబ్లీ "ఏమైంది" అని చెబుతుంది. "ఎందుకు" అన్నది కంపైలరుకే తెలుసు, అడిగితే చెబుతుంది.

క్లాంగ్‌కి మూడు ఆప్షన్లున్నాయి: -ఆర్‌పాస్=ఇన్‌లైన్ అయినవాటిని చూపిస్తుంది, -ఆర్‌పాస్-మిస్డ్=ఇన్‌లైన్ కానివాటిని, -ఆర్‌పాస్-అనాలిసిస్=ఇన్‌లైన్ వెనకున్న లెక్కని. మొదటి ఆర్ పెద్దక్షరం. ప్రతి జవాబులో లైను నంబరు ఉంటుంది, ఎవరు ఎవరిలోకి పరుచుకున్నారో ఉంటుంది, వాటితో పాటు రెండు అంకెలుంటాయి: ఖర్చు, హద్దు. ఖర్చు హద్దుకి లోపల ఉంటే పరుస్తుంది. క్లాంగ్ వెనకున్న ఎల్‌ఎల్‌వీఎంలో -ఓ2కి మూల హద్దు 225, -ఓ3కి 250. ఇన్‌లైన్ అని రాసిన ఫంక్షన్‌కి 325. కీవర్డ్ సిఫార్సు విలువ ఎంతో ఇక్కడ అంకెల్లోనే తెలుస్తోంది. మామూలు ఇన్‌స్ట్రక్షన్ ఒక్కోదానికి ఖర్చు 5. తెరమీద 225కి బదులు 337 కనిపిస్తే కంగారు పడకండి, కొమ్మలు లేని తిన్నని ఫంక్షన్‌కి ఇచ్చే బోనస్ కలిసిందన్నమాట. ఖర్చు మైనస్ 15 వేల దరిదాపుల్లో ఉంటే అది స్టాటిక్ ఫంక్షన్, దాన్ని పిలిచే చోటు అదొక్కటే. పరిచేశాక విడి ప్రతి అక్కర్లేదు కాబట్టి 15,000 తగ్గింపు ఇస్తుంది.

జీసీసీలో -ఎఫ్ఆప్ట్-ఇన్ఫో-ఇన్‌లైన్ అయినవి చెబుతుంది, చివర మిస్డ్ చేరిస్తే కానివి. -డబ్ల్యూఇన్‌లైన్ అనే హెచ్చరిక కూడా ఉంది, కానీ అది ఇన్‌లైన్ అని మీరు ప్రకటించినవాటి గురించే మాట్లాడుతుంది. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++లో హెచ్చరికలే సాక్ష్యం: సీ4710 అంటే పరచలేదు, సీ4711 అంటే అడగకుండానే పరిచింది. రెండూ మామూలుగా ఆపేసి ఉంటాయి, మీరే ఆన్ చేసుకోవాలి.

మొత్తం ప్రాజెక్టు మీద ఈ నివేదికలు తీస్తే వేల లైన్లు వచ్చిపడతాయి. ముందు ప్రొఫైలర్‌తో వేడి చోటు, అంటే ఎక్కువ సమయం తినే చోటు, కనుక్కోండి, ఆ ఒక్క ఫైలు మీద ఆప్షన్ పెట్టండి, మీ కాల్ ఉన్న లైను నంబరుతో వెతకండి.

మూడో మెట్టు: నడిచే ప్రోగ్రాంలో చూడటం

పెద్ద ప్రోగ్రాంలలో డీబగ్ సమాచారం పనికొస్తుంది. ఆప్టిమైజేషన్ తగ్గించకుండా -జీ చేర్చి కట్టండి. అది కోడ్‌ని మార్చదు, పక్కన వివరాలు రాసిపెడుతుంది. ఏ ముక్క ఏ ఫంక్షన్ నుంచి వచ్చి పరుచుకుందో అందులో ఉంటుంది. యాడ్ర్2లైన్‌కి ఒక చిరునామాతో పాటు -ఐ ఇస్తే, ఆ చోటు ఏ ఫంక్షన్‌ది, అది ఎవరిలోకి పరుచుకుంది, అదెవరిలోకి, అని గొలుసంతా చూపిస్తుంది. జీడీబీలో ఇన్‌లైన్ అయిన ఫంక్షన్ మీద బ్రేక్‌పాయింట్ పెడితే ఒకే పేరుకి చాలా చోట్లు వస్తాయి. లినక్స్ పెర్ఫ్ నివేదికలో కాల్ గొలుసు తీసినప్పుడు అలాంటి పేర్ల పక్కన ఇన్‌లైన్డ్ అని కనిపిస్తుంది.

"కాదు" అంటే కారణం వెతకండి

కాలేదని తేలితే వెంటనే బలవంతం చేయాలనిపిస్తుంది. ఆగి కారణం చదవండి. ఎక్కువసార్లు కారణం మీ కోడ్ అమరికలో ఉంటుంది.

నిర్వచనం అందుబాటులో లేకపోవడం అన్నిటికంటే మామూలు. స్క్వేర్ వేరే సీ ఫైలులో ఉంటే, టోటల్ కంపైల్ అయ్యేటప్పుడు కంపైలరుకి దాని పేరు తప్ప లోపలేముందో తెలియదు. హెడర్‌లోకి తేవాలి, లేదా లింక్ సమయపు ఆప్టిమైజేషన్ వాడాలి.

రెండోది, ఎవర్ని పిలుస్తున్నామో తెలియకపోవడం. సీ లైబ్రరీలోని క్యూసార్ట్‌కి పోలిక ఫంక్షన్‌ని పాయింటర్‌గా ఇస్తాం. క్యూసార్ట్ ఎప్పుడో కంపైల్ అయి లైబ్రరీలో కూర్చుంది, మీ పోలిక ఫంక్షన్ అందులోకి పరుచుకునే దారే లేదు. సీ++లోని సార్ట్ టెంప్లేట్ కాబట్టి దాని కోడ్ మీ ఫైలులోనే పుడుతుంది. ల్యాంబ్డా ఇస్తే దానికి తనదైన టైపు ఉంటుంది, పిలిచేది ఎవర్నో కంపైలరుకి సందేహం ఉండదు. అదే సార్ట్‌కి ఫంక్షన్ పాయింటర్ ఇస్తే ఆ పాయింటర్ ఎటు చూపిస్తోందో కంపైలరు తవ్వుకోవాలి, ఒక్కోసారి తవ్వలేదు. వర్చువల్ ఫంక్షన్లదీ ఇదే కథ. క్లాసుకి ఫైనల్ అని రాస్తే కంపైలరుకి దారి దొరకొచ్చు.

మూడోది షేర్డ్ లైబ్రరీ. లినక్స్‌లో -ఎఫ్‌పీఐసీతో కట్టిన లైబ్రరీలో బయటికి కనిపించే ఫంక్షన్‌ని, నడిచే సమయంలో వేరే లైబ్రరీ అదే పేరుతో భర్తీ చేయొచ్చు. ఆ అవకాశాన్ని కాపాడటం కోసం జీసీసీ ఒకే ఫైలులోని కాల్‌ని కూడా పరచదు. క్లాంగ్ మామూలుగా పరిచేస్తుంది. ఒకే కోడ్‌కి రెండు కంపైలర్లు రెండు జవాబులు ఇవ్వడానికి ఇదొక కారణం. బయటివారికి అక్కర్లేని ఫంక్షన్లని స్టాటిక్ చేయడం, లేదా -ఎఫ్‌నో-సెమాంటిక్-ఇంటర్‌పొజిషన్ ఇవ్వడం దీనికి మందు.

ఇవన్నీ దాటాక మిగిలేది సైజు. ఫంక్షన్ నిజంగానే పెద్దది. అప్పుడు వేడి దారిని చిన్న ఫంక్షన్‌గా ఉంచి, అరుదైన దారిని వేరే ఫంక్షన్‌లోకి నెట్టండి. కంపైలరు పార్ట్ పేరుతో చేసే పనిని మీరే తెలిసి చేస్తున్నారన్నమాట.

గో, జావా వాళ్లకి

గోలో బిల్డ్ ఆదేశానికి -జీసీఫ్లాగ్స్=-ఎం ఇవ్వండి. రెండు రకాల వాక్యాలు వస్తాయి. "క్యాన్ ఇన్‌లైన్" అంటే ఆ ఫంక్షన్‌కి అర్హత ఉంది. "ఇన్‌లైనింగ్ కాల్ టు" అంటే ఆ లైనులో నిజంగా పరిచారు. అర్హతనీ జరిగినదాన్నీ విడదీసి చెప్పడం వల్ల, ఫలానా కాల్ గురించి అడగాలన్న మన నియమాన్ని గో తనంతట తనే నేర్పుతుంది. -ఎం=2 అంటే ఖర్చు కూడా చూపిస్తుంది; మామూలు బడ్జెట్ 80.

జావాలో నిర్ణయం ప్రోగ్రాం నడుస్తుండగా జరుగుతుంది. జావా వర్చువల్ మెషీన్ హాట్‌స్పాట్‌కి అన్‌లాక్‌డయాగ్నస్టిక్‌వీఎంఆప్షన్స్, ప్రింట్‌ఇన్‌లైనింగ్ రెండూ ఇస్తే ఒక్కో కాల్ పక్కన కారణం అచ్చవుతుంది. మామూలు మెథడ్‌కి 35 బైట్ల బైట్‌కోడ్, బాగా వేడెక్కిన దానికి 325 బైట్లు అప్రమేయ హద్దులు. ఇక్కడ జవాబు కాలంతో మారుతుంది: ప్రోగ్రాం వేడెక్కకముందు కాదు, తర్వాత అవును, కొత్త క్లాసు లోడ్ అయి పాత అంచనా తప్పితే మళ్లీ కాదు. వేడెక్కాకే చూడండి.

బలవంతం చేసేముందు

జీసీసీ, క్లాంగ్‌లలో ఆల్వేస్ ఇన్‌లైన్ అనే గుర్తు ఉంది, మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ఫోర్స్‌ఇన్‌లైన్. నేరుగా పిలిచిన చోట పరచడం సాధ్యం కాకపోతే జీసీసీ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. మైక్రోసాఫ్ట్‌ది సీ4714 హెచ్చరికతో సరిపెట్టొచ్చు. పాయింటర్ ద్వారా వెళ్లే కాల్‌కి ఏ గుర్తూ హామీ ఇవ్వదు.

లినక్స్ కెర్నెల్ కోడింగ్ స్టైల్ పత్రంలో ఇన్‌లైన్ మీద మోజుని జబ్బుగా వర్ణించే అధ్యాయమే ఉంది. మూడు లైన్లకి మించిన ఫంక్షన్‌కి ఇన్‌లైన్ తగిలించొద్దన్నది అందులోని స్థూల నియమం. కారణం క్యాష్. చాలా ఎక్స్86 ప్రాసెసర్లలో మొదటి స్థాయి ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ 32 కిలోబైట్లే. ఇరవై చోట్ల పరిచిన కోడ్ ఆ జాగాలో ఇరవై సార్లు కూర్చుంటుంది.

అందుకే పరుచుకుందని రుజువయ్యాక ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది: దానివల్ల వేగం పెరిగిందా? ఒకసారి నోఇన్‌లైన్ గుర్తుతో, ఒకసారి గుర్తు లేకుండా కట్టి, సమయాన్నీ ఫైలు సైజునీ పోల్చండి. పక్క ప్రభావాలు లేని ఫంక్షన్ అయితే నోఇన్‌లైన్ పెట్టినా జీసీసీ కాల్‌నే తీసేయగలదు. పూర్తిగా గోడ కట్టాలంటే జీసీసీ 8లో వచ్చిన నోఐపీఏ వాడండి. తేడా కొలతకి అందకపోతే ఇన్‌లైన్ గొడవ వదిలేసి వేరే చోట వెతకడమే తెలివైన పని.

ఈ వారం సాధన

1. పైన చెప్పిన స్క్వేర్, టోటల్ రాసి -ఓ0, -ఓ2 రెండింటి అసెంబ్లీ పక్కపక్కన పెట్టి చూడండి. స్క్వేర్‌కి స్టాటిక్ తగిలించి, తీసి, ఎన్‌ఎం జాబితాలో మార్పు గమనించండి.

2. స్క్వేర్‌ని వేరే ఫైలులోకి మార్చండి. కాల్ తిరిగొచ్చిందని చూశాక -ఎఫ్‌ఎల్‌టీవోతో కట్టి, చివరి ఎగ్జిక్యూటబుల్‌లో మళ్లీ చూడండి.

3. మీ సొంత ప్రాజెక్టులో బాగా వేడిగా ఉన్న ఒక్క లూప్ ఎంచుకోండి. అందులోని ప్రతి కాల్ గురించి ముందు మీ ఊహ రాసుకోండి: అవును, కాదు. ఆ తర్వాతే నివేదిక తీయండి. ఊహ తప్పిన చోట్లే మీకు ఆ వారం పాఠం.

4. ఫలితాన్ని ఒక్క లైనులో రాసే అలవాటు చేసుకోండి: కంపైలరు, వెర్షన్, ఆప్షన్లు, ఏ ఫంక్షన్‌లో ఏ కాల్, ఏం కనిపించింది. వెర్షన్ తప్పనిసరి. అంతకుముందు -ఓ3లో ఉండే -ఎఫ్‌ఇన్‌లైన్-ఫంక్షన్స్ జీసీసీ 10 నుంచి -ఓ2లోకే వచ్చేసింది. ఒకే కోడ్, ఒకే ఆప్షన్, వేరే జవాబు.

5. ఏదైనా ఒక కాల్ ఇన్‌లైన్ కావడం మీ ప్రోగ్రాం వేగానికి ప్రాణమని కొలతలో తేలితే, దాన్ని మనుషుల జ్ఞాపకానికి వదలకండి. బిల్డ్ తర్వాత ఆబ్జ్‌డంప్ నడిపి, ఆ ఫంక్షన్ శరీరంలో ఆ పేరుతో కాల్ గానీ జంప్ గానీ ఉంటే పరీక్ష విఫలమయ్యేలా చిన్న స్క్రిప్టు పెట్టండి. రేపు ఎవరో ఆ ఫంక్షన్‌లో రెండు లైన్లు పెంచి హద్దు దాటిస్తే, ఆ సంగతి వాడుకరి ఫిర్యాదు కంటే ముందు మీ బిల్డే చెబుతుంది.